లక్ష్మివారం వాకోవర్

ఫైనల్‌కు ఎవరు పోవాలి? ఈ ఒక్క ప్రశ్న మీద ఆ చలికాలమంతా దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ చౌరస్తా దాకా మేం కొట్టుకోవడం ఒక్కటే తక్కువ. ఇప్పుడెవరికైనా చెబితే నవ్వుతారు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఫుట్‌బాలా అని కనుబొమలు ఎగరేస్తారు. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, చెప్పుల దుకాణాలు, అంతే తెలుసు వాళ్లకి. నాకు ఒళ్లు మండుతుంది. మేం అక్కడ గొంతులు పోయేలా అరిచాం, తిండి మానేసి వాదించాం, ఇరవై నాలుగ్గంటలూ అదే ధ్యాసగా బతికాం. మీరు చూడకపోతే అది జరగనట్టా?

మా వైపు ఐదు డిగ్రీ కాలేజీలు కలిసి ప్రతి చలికాలం ఒక లీగు ఆడేవి. ఒక్కో జట్టు మిగతా నాలుగు జట్లతో ఒక్కోసారి ఆడాలి. అందరి ఆటలూ అయ్యాక పైన నిలిచిన రెండు జట్లు ఫైనల్ ఆడతాయి. కప్పు ఎంతుండేదంటే, మా అమ్మ చారు కాచే గిన్నె అంతకంటే పెద్దది. అయినా దానికోసం ప్రాణాలు పెట్టేవాళ్లు.

మా కాలేజీ జట్టుకు కెప్టెన్ మా అన్న. గోల్‌కీపర్ కూడా వాడే. గోల్‌కీపర్ని మా వైపు గోలీ అనేవాళ్లం. అన్నది ఆఖరి సంవత్సరం, నాది అదే కాలేజీలో మొదటిది. ఇంట్లో వాడు మాట్లాడడు, నేను ఆపను. దేవుడు ఇద్దరికీ పంచాల్సిన మాటలు నాకొక్కదానికే పోసేశాడని అమ్మ అనేది.

మా నాయినకు చిన్న లారీ లాంటి డీసీఎం బండి ఉండేది. నల్గొండ దగ్గరి మా ఊరి తోటల నుంచి బత్తాయి వేసుకుని కొత్తపేట పండ్ల మార్కెట్‌కు తెచ్చేవాడు. "డిగ్రీ కాంగనే ఎండకాలం నుంచి స్టీరింగు పట్టు బిడ్డా, నా నడుము ఇగ ఆగుతలేదు" అని అన్నకు చెప్పి ఉంచాడు. అన్నకు బండి అంటే నామోషీ ఏమీ లేదు, సెలవు రోజుల్లో తోలేవాడు కూడా. కాకపోతే రోజూ తోటలకు పోయి లోడు తెచ్చేవాడికి ఇక ఆట ఎక్కడిది? అది వాడు బయటికి అనలేదు. నేను అన్నాను, చాలాసార్లు, నాయిన ముందరే.

ఆ యేడు ఒక దారి కనబడింది. ఒక పెద్ద సంస్థ తమ ఫుట్‌బాల్ జట్టుకు కుర్రాళ్లను తీసుకుని ఉద్యోగం ఇస్తోందట. వాళ్ల కోచ్ మా ఫైనల్ చూడటానికి వస్తాడని, ఆయనకు గోలీ కావాలని మా ఆటల సారు చెప్పారు. లీగు ఆటలు చూసే తీరిక ఆయనకు లేదు, ఫైనల్ ఒక్కటే చూస్తాడు. అంటే ఫైనల్‌కు పోతే మా అన్నకు ఆట ఉంటుంది. పోకపోతే వాడి ఆట అక్కడితో బంద్. ఇందులో అర్థం కానిది ఏమీ లేదు, మా ఇంటి పిల్లికి కూడా అర్థమైంది.

ఎల్బీ నగర్ కాలేజీ నాలుగు ఆటలూ గెలిచి మొదటి నంబర్ అయి కూర్చుంది. దాని గురించి ఎవరికీ పేచీ లేదు. రెండో నంబర్ ఎవరన్నదే గొడవ. మేమా, కొత్తపేట కాలేజీనా? ఇద్దరికీ సమానంగా పాయింట్లు ఉన్నాయి, ఇద్దరం ఒకరితో ఒకరం ఆడాల్సిన ఆట మిగిలి ఉంది.

వాదన జరిగేది బస్‌స్టాండ్ దగ్గరి ఇరానీ హోటల్లో. ఐదు కాలేజీల పిల్లలూ అక్కడే చేరేవాళ్లు. ఆడపిల్లలు ముందు బల్లల దగ్గర కూర్చునే అలవాటు అప్పట్లో లేదు. పక్కన సగం తెర కట్టిన ఫ్యామిలీ రూమ్ ఉండేది. నేనూ ఇద్దరు స్నేహితురాళ్లూ అందులో దూరి ఒక చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు తెప్పించుకుని, తెర మీంచి తల పెట్టి అరిచేవాళ్లం.

"మేం ఎల్బీ నగరోళ్లతోని ఒక్క గోల్ తేడాతో ఓడినం. కొత్తపేటోళ్లు నాలుగు తిన్నరు. ఎవరు పెద్ద?" ఇది నా మొదటి బాణం.

"హయత్‌నగర్ జట్టు మీద మేం ఐదు కొట్టామండి. మీరు ఒక్కటి కొట్టారు, అదీ వాళ్ల డిఫెండర్ కాలికి తగిలి లోపలికి పోయింది" అని అటు బల్ల నుంచి జవాబు.

"ఆ హయత్‌నగరోళ్లకు గా రోజు గోలీ జరమొచ్చి పండుకుండు. ఖాళీ గోల్‌ల ఐదు కొట్టుడు గొప్పనా?"

"ఏవండీ, గోలీ లేకపోతే అది మా తప్పాండి?"

ఈ ఏవండీ అన్నవాడు కొత్తపేట కెప్టెన్. గోదావరి వైపు నుంచి డిగ్రీ చదవడానికి వచ్చి కొత్తపేటలో పిన్ని ఇంట్లో ఉండేవాడు. పొడుగ్గా, సన్నగా, కుడికాలితో కొడితే బంతి విజిలేసుకుంటూ పోయేది. వాడు నన్ను ఏవండీ అన్నప్పుడల్లా హోటల్ అంతా గొల్లుమనేది. సినిమాల్లో పెళ్లాం మొగుణ్ణి పిలిచినట్టు పిలిచావని వాణ్ణి ఏడిపించేవాళ్లు. వాడి చెవులు ఎర్రబడేవి. అయినా మానేవాడు కాదు, వాళ్లింట్లో అందరినీ అట్లాగే పిలుస్తారట.

చాయ్ పోసే చాచా ఎవరి పక్షమూ కాదు. ఒక్క చాయ్ మీద గంటలు గంటలు కూర్చుంటున్నామని మాత్రం విసుక్కునేవాడు. "ఫైనల్‌ల నన్ను ఆడిపియ్యున్రి, కథ ఖతం" అనేవాడు.

అవి ఉద్యమం రోజులు. ఇవాళ బంద్, రేపు రాస్తారోకో, ఎల్లుండి వంటావార్పు. ఎల్బీ నగర్ చౌరస్తాలో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండిన రోజు మా అమ్మ గరిటె పట్టుకుని పోయింది, జై తెలంగాణ అంటూ సాయంత్రం దాకా వడ్డించి గొంతు బొంగురు చేసుకుని వచ్చింది. మా అన్న జట్టు పొద్దున ర్యాలీ, సాయంత్రం ప్రాక్టీసు. కొత్తపేట జట్టులో సగం మంది కోస్తా నుంచి వచ్చిన ఇళ్ల పిల్లలు, వాళ్లు ఆ రోజుల్లో కొంచెం బిక్కుబిక్కుమంటూ తిరిగేవాళ్లు. గొడవలేమీ కాలేదు మా దగ్గర. కానీ మాట ఒక్కొక్కటీ బరువెక్కింది. గట్ల అని వాళ్లు అంటే వెక్కిరించినట్టుండేది, ఆయ్ అని మేమంటే వాళ్లకు గుచ్చుకునేది. అవతలి వాళ్ల మాట అర్థం కాకపోయినా, ఏమన్నావని అడగడం చిన్నతనంగా ఉండేది.

మాకూ కొత్తపేటకూ ఆట పెట్టిన రోజే బంద్ పడింది. సార్లు ఫోన్లలో మాట్లాడుకుని, మీ కెప్టెన్లు ఇద్దరూ కలిసి ఈ వారంలో ఒక రోజు చూసుకోండి, రెఫరీకి చెప్పండి, అని వదిలేశారు. ఆ సాయంత్రం అన్నకు కొత్తపేట కెప్టెన్ ఫోన్ చేశాడు. నేను పక్కనే ఉన్నాను. అన్న "ఆఁ", "సరే", "నాలుగు గొట్టంగ, సరే", ఇంతే అన్నాడు. ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగి "శుక్రారం మ్యాచ్. రెఫరీకి వాడే చెప్తడట" అన్నాడు.

శుక్రవారం మూడింటికే మా జట్టంతా సరూర్‌నగర్ గ్రౌండులో దిగింది. నేనూ పోయాను, ప్లకార్డు కూడా రాసుకుని. నాలుగైంది, నాలుగున్నరైంది. అవతలి జట్టు లేదు, రెఫరీ లేడు. కొత్తపేటోళ్లు భయపడి రాలేదని నేను అప్పుడే పండగ మొదలుపెట్టాను. అంతలో గ్రౌండ్ వాచ్‌మన్ మా దగ్గరికి వచ్చి "ఎవలకోసం సూస్తున్రు? ఆళ్లు నిన్ననే ఒచ్చిన్రు గద. మీకోసం సూసీ సూసీ, రెఫరీ సీటీ కొట్టి గెలిచిన్రని చెప్పిండు. పోయిన్రు" అన్నాడు.

అవతలి జట్టు రాకపోతే వచ్చిన జట్టు గెలిచినట్టు. దాన్ని వాకోవర్ అంటారు. అంటే మేం ఆడకుండానే ఓడిపోయాం. కొత్తపేట ఫైనల్‌కు పోయింది.

అన్న గ్లోవ్స్ విప్పలేదు. అట్లాగే గోల్ స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. "శుక్రారమే అన్నడే" అని నాతో ఒక్కసారి అన్నాడు. నేను ఊరుకుంటానా? ఆ సాయంత్రమే హోటల్లో తెర పక్కకు లాగిపారేసి ముందు బల్ల దగ్గరికే పోయి నిలబడ్డాను.

"శుక్రారమని చెప్పి బేస్తారం పోయి నిలబడతరా? మగోళ్లేనా మీరు? ఆడి గెలువుండ్రి దమ్ముంటే!"

గురువారాన్ని మేం బేస్తారం అంటాం. కొత్తపేట కెప్టెన్ తెల్లమొహం వేశాడు. "శుక్రవారం అని ఎవరన్నారండి? నేనలా అనలేదండి" అన్నాడు.

"మా అన్న అబద్ధమాడుతడా?"

"నేను ఆడతానాండి?"

ఇక చూడండి. హోటల్ రెండుగా చీలిపోయింది. మాట మా కాలేజీ దాటి, పండ్ల మార్కెట్ దాటి, ఎల్బీ నగర్ చౌరస్తా దాకా పోయింది. మంగలి షాపులో అదే, సెవెన్ సీటర్ ఆటోలో అదే. మావాళ్లు మోసం అన్నారు. వాళ్లెప్పుడూ ఇంతే అన్నారు కొందరు, అది ఆట గురించి మాత్రమే అన్న మాట కాదని అందరికీ తెలుసు. అటువాళ్లు చేతగాక సాకులు వెతుకుతున్నారన్నారు. ఆడితే ఎవరు గెలిచేవాళ్లన్న దాని మీద వేరే యుద్ధం. మా నాయిన ఒక్కడే ఈ గొడవలోకి రాలేదు. బండి కింద దూరి ఏదో బోల్టు బిగిస్తూ ఉండేవాడు.

గొడవ ముదరకముందే తేల్చాలని ఐదు కాలేజీల ఆటల సార్లూ రెఫరీతో కలిసి ఆ ఇరానీ హోటల్లోనే కూర్చున్నారు. కెప్టెన్లిద్దరినీ పిలిచారు. నన్నెవరూ పిలవలేదు, నేను ఫ్యామిలీ రూమ్‌లో ముందుగానే సిద్ధం. హయత్‌నగర్ కాలేజీ సారు అందరికంటే పెద్దాయన, ఆయనే పెద్దమనిషి.

"ఫోన్ల ఏమన్నడో, అన్నది అన్నట్టు చెప్పు" అని ఆయన అన్నను అడిగాడు. "నీకేమర్థమైందో వద్దు. ఆ మాటే చెప్పు."

అన్న కాసేపు గుర్తు చేసుకున్నాడు. "లక్ష్మివారం నాలుగింటికి పెట్టుకుందాం అన్నడు సార్" అన్నాడు.

కొత్తపేట సారు బల్ల గుద్దాడు. "అదిగో, ఒప్పుకున్నాడు కదండీ!"

మా సారు కూడా బల్ల గుద్దాడు. "ఏమొప్పుకున్నడు? శుక్రారమని చెప్పినట్టే గద!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"లక్ష్మివారం అంటే గురువారం కదండీ" అన్నాడు కొత్తపేట కెప్టెన్ నెమ్మదిగా.

"గురువారమా?" అన్న నోరు తెరిచాడు. "లక్ష్మివారమంటే శుక్రారం గాదా?"

"గురువారమేనండి. మా ఊళ్లో చిన్నప్పటి నుంచీ అంతే."

"మీ ఇంట్ల లక్ష్మీపూజ ఎన్నడు జేస్తరు?" అని అన్న అడిగాడు.

"శుక్రవారం చేస్తారండి."

"మరి?"

వాడు నీళ్లు నమిలాడు. "మార్గశిర మాసంలో గురువారాలు కూడా లక్ష్మీపూజ చేస్తారండి మా అమ్మా వాళ్లు..."

అప్పటికి నా తల తెర మీదికి వచ్చేసింది. "అరే, దిల్‌సుఖ్‌నగర్‌ల బేస్తారమంటే సాయిబాబా గుడి ముంగట ట్రాఫిక్ జాము! బాబా రోజును పట్టుకొని లక్ష్మీదేవికి రాసిస్తరా?"

ముందు చాచా నవ్వాడు. తర్వాత రెఫరీ. తర్వాత బల్లలన్నీ. ఆ చలికాలంలో రెండు వైపుల వాళ్లూ కలిసి ఒకే మాటకు నవ్వడం అదే మొదటిసారి. కొత్తపేట కెప్టెన్ తల పట్టుకుని నవ్వాడు, మా అన్న వాడి భుజం మీద చరిచాడు. మోసం లేదు, అబద్ధం లేదు, పప్పులో కాలేశారు, ఇద్దరూ కలిసి. వారం రోజులుగా ఛాతీలో పెట్టుకుని తిరిగిన బరువు ఒక్కసారిగా దిగిపోయినట్టనిపించింది నాకు.

ఇక మళ్లీ ఆడిస్తారనే అనుకున్నాం. "మాట తేడా ఒచ్చింది, పోరగాళ్ల తప్పేముంది? మల్ల పెడదాం" అని మా సారు అన్నాడు. కొత్తపేట కెప్టెన్ కూడా "ఆడేద్దామండి, మాకేం అభ్యంతరం లేదు" అన్నాడు. వాళ్ల సారు వాడి వైపు గుడ్లురిమి చూశాడు. ఆయన వాదనా తీసిపారేసేది కాదు. రెఫరీ వచ్చాడు, ఒక జట్టు వచ్చింది, వాళ్లేం తప్పు చేశారని గెలుపు తీసేస్తారు? పెద్దాయన మళ్లీ మా అన్న వైపు తిరిగాడు.

"లక్ష్మివారమని నువ్వు ఎప్పుడన్న ఇన్నవా? మనం అనే మాట గాదు గద. ఏ రోజని మల్ల ఒక్కసారి అడిగినవా ఫోన్ల?"

ఆ ఫోన్‌లో వాడు అడగలేదని వాళ్లిద్దరికీ, పక్కనే ఉన్న నాకూ తప్ప ఎవరికీ తెలియదు. అడిగానంటే సరిపోతుంది. అడిగిన సార్, శుక్రారమేనా అన్న, ఆఁ అన్నడు. అంతే. కొత్తపేట కెప్టెన్ కూడా కాదనడని నాకు ఆ నిమిషంలో నమ్మకం ఉండింది, వాడి మొహం చూస్తే తెలిసిపోతోంది. నేను తెర పైనుంచి కళ్లతో, చేతులతో, తలతో, అడిగినా అని చెప్పు అని సైగల మీద సైగలు చేశాను. అన్న నన్ను చూశాడు కూడా.

"అడగలే సార్" అన్నాడు. "మా ఇంట్ల లక్ష్మి అంటే శుక్రారమే, నాకు వేరే అనుమానమే రాలే. అయినా అది నేనెప్పుడు ఇనని మాట. అడగాల్సింది."

పెద్దాయన నిట్టూర్చాడు. అడగనివాళ్లదే పొరపాటు, కొత్తపేటే ఫైనల్ ఆడుతుందని చెప్పేశాడు. చెప్పాక మా అన్న చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు.

నేను వాడితో రెండు రోజులు మాట్లాడలేదు. నాకది ఎంత కష్టమో మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఫైనల్ ఆదివారం సాయంత్రం. వద్దన్నా అన్న నన్ను తీసుకుని పోయాడు. గోల్ వెనకాల పొట్టి గోడ ఉంటే దాని మీద కూర్చున్నాం. సంస్థ కోచ్ వచ్చాడు, తెల్లటి టోపీ పెట్టుకున్న పెద్దమనిషి, కుర్చీ వేసినా కూర్చోకుండా గీత వెంట నడుస్తూ చూశాడు. ఆట ఏమంత బాగోలేదు. ఎల్బీ నగర్ వాళ్లు కొత్తపేట కెప్టెన్ మీద ఇద్దరిని కాపలా పెట్టి వాడి కాలికి బంతి అందనివ్వలేదు, రెండు గోల్స్ కొట్టి కప్పు ఎత్తుకుపోయారు. రెండు జట్ల గోలీలూ కోచ్‌కు నచ్చలేదని ఆయన నడకలోనే తెలిసింది. టోపీ తీసి తల గోక్కుంటూ గేటు వైపు బయల్దేరాడు.

అప్పుడు కొత్తపేట కెప్టెన్ పరుగెత్తాడు. ఓడిపోయి అప్పటికి పది నిమిషాలు కాలేదు, మోకాలి మీద రక్తం. కోచ్‌కు అడ్డం పోయి నిలబడి చేతులు తిప్పుతూ ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. ఏం చెబుతున్నాడో అని నేను గోడ దిగి దగ్గరికి పోయాను.

"మా ఐదు కాలేజీల్లో అసలైన గోలీ ఇవాళ ఆడలేదండి. అదిగో, ఆ గోడ మీద కూర్చున్నాడండి. ఎల్బీ నగర్ వాళ్లు వీళ్ల మీద కొట్టింది ఒక్కటేనండి, మిగతావన్నీ అతను ఆపేశాడు, నేనక్కడే ఉండి చూశానండి. పోయినేడు ఇతని మీద నేను ఆరుసార్లు కొట్టాను, ఒక్కటీ లోపలికి పోలేదు. మాట తేడా వచ్చి ఫైనల్‌కు రాలేకపోయారు కానీ, ఇక్కడ ఆడాల్సింది వాళ్లేనండి. మేం కాదు."

హోటల్లో వారాల తరబడి నేను అరిచి అరిచి చెప్పిందంతా వాడు అక్కడ నాకంటే బాగా చెప్పాడు. నాకు ఏడుపొచ్చింది. అంతకుముందు వాణ్ణి తిట్టినవన్నీ గుర్తొచ్చి కాదు, వాటిలో కొన్ని వాడికి తగినవే. ఆ మాట వాడి నోటి నుంచి వచ్చినందుకు.

"చూడనిదే ఎలా తీసుకుంటానయ్యా?" అన్నాడు కోచ్. మళ్లీ గోల్ వైపు చూశాడు. "సరే. పిలువు. కొట్టేది నువ్వేగా? కొట్టు, చూస్తా."

కొత్తపేట గోలీ తడి గ్లోవ్స్ అన్నకు ఇచ్చాడు. గేటు దాటిన జనం కూడా వెనక్కి తిరిగి వచ్చారు. ఐదు బంతులు అన్నాడు కోచ్.

మొదటిది కొత్తపేట కెప్టెన్ మెల్లగా తన్నాడు, అన్న చేతుల్లోకే. నేను చప్పట్లు కొట్టాను. అన్న బంతి పట్టుకుని కదల్లేదు. మొహం నల్లబడింది.

"ఏందిది?" అని అరిచాడు.

"ఏంటి గురూ?"

"పిల్లలతోని ఆడినట్టు ఆడుతున్నవేంది? నీ కాలుకేమన్న అయిందా? గట్టిగ కొట్టు! ఇది లెక్కల లేదు." బంతి వాడి కాళ్ల దగ్గరికి విసిరేశాడు.

నేను మనసులో ఎన్ని తిట్టుకున్నానో నాకే తెలుసు. ఒరే, మూసుకుని పట్టుకోరా, దేవుడిచ్చాడు, పట్టుకోరా.

కొత్తపేట కెప్టెన్ ఒక్క క్షణం వాడి కళ్లలోకి చూశాడు. తర్వాత వెనక్కి పోయి, పరుగెత్తి వచ్చి కొట్టాడు. ఆ చప్పుడు నాకింకా చెవుల్లో ఉంది. అన్న కుడి వైపు పూర్తిగా గాల్లో పడి వేళ్ల చివరతో బయటికి తోశాడు. రెండోది పట్టాడు. మూడోది కాలితో ఆపాడు. నాలుగోది ఎడమ మూలకు, స్తంభాన్ని ముద్దు పెట్టుకుంటూ లోపలికి పోయింది. ఐదోది కనబడనే లేదు, వల మాత్రం ఊగింది. మట్టి కొట్టుకుని లేచి అన్న నవ్వాడు. అంత నవ్వు వాడి మొహంలో నేను ఆ యేడంతా చూడలేదు.

కోచ్ టోపీ పెట్టుకున్నాడు. అన్న దగ్గరికి వచ్చి భుజం తట్టి, "బాగా ఆడావు బాబూ" అన్నాడు. ఆయన తిరిగి కొత్తపేట కెప్టెన్ వైపు నడిచాడు.

"ఆటలో నీకు బంతి అందలేదు, నేను పట్టించుకోలేదు. ఈ కాలు వదిలిపెట్టి పోతే నా అంత బుద్ధిలేనివాడు ఉండడు. గోలీని ఇంకోచోట చూసుకుంటా. నువ్వు వచ్చి నన్ను కలువు."

వాడు రెండడుగులు వెనక్కి వేశాడు. "నేను కాదండి, అతను... నేనతని కోసం కదండీ చెప్పింది" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "నాకొద్దండి."

అన్న వచ్చి వాడి మెడ మీద చెయ్యేసి కోచ్ వైపు తోశాడు. "వద్దంటవేందిర? పిచ్చిలేసిందా? పో. కొట్టింది నువ్వే గద. పో."

ఇంటికి చైతన్యపురి మీదుగా నడిచే వచ్చాం. ఇక నేను మొదలుపెట్టాను. హోటల్లో ఒక్క మాట అంటే ఫైనల్ నీదే, అనలేదు. ఇక్కడ నోరు మూసుకుని పట్టుకుంటే ఉద్యోగం నీదే, మూసుకోలేదు. పుట్టినప్పటి నుంచి మాట్లాడనోడివి, మాట్లాడకూడని రెండు చోట్లే నోరు తెరిచావు, అని రోడ్డు మీద జనం ఆగి చూసేలా అరిచాను. ఏడ్చాను కూడా. వాడు అంతా విన్నాడు.

"మెల్లగ కొట్టిన బాల్ పడితే, పట్టినట్టెట్లయితదే?" అన్నాడు.

ఈ రోజుకీ ఎవరికి దక్కాల్సిందన్న వాదనలో నేను ఎవరినైనా ఓడిస్తాను, ఆ ఒక్క ప్రశ్న దగ్గర మాత్రం ఆగిపోతాను.

ఇంట్లో నాయిన వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆదివారం ఆయన అట్లా ఊరికే కూర్చున్నది నేనెప్పుడూ చూడలేదు. ఏమైందని అడగలేదు. అన్నే చెప్పాడు, కోచ్ తన మీద బంతులు కొట్టించి చూశాడని, కొట్టిన పిల్లగాణ్ణే తీసుకున్నారని, ఎండాకాలం దాకా ఎందుకు, లోడుకు రేపటి నుంచే వస్తానని. నాయిన తల ఊపాడు. కాసేపటికి, నాకు బుద్ధి తెలిశాక మొదటిసారి, ఆట గురించి అడిగాడు.

"ఎన్ని కొట్టిండు ఆ పిలగాడు?"

"గట్టియి ఐదు. ఒకటి ఉత్తగ కొట్టిండు, అది లెక్కల లేదు" అన్నాడు అన్న. ఎన్ని ఆపాడో వాడు చెప్పలేదు. నేను ఊరుకోలేక అందుకున్నాను. "నాయినా, అన్న అండ్ల మూడు ఆపిండు."

"గట్టిగ కొడ్తడా?"

"శాన గట్టిగ" అన్నాడు అన్న.

"గసొంటోడు కొట్టినయి మూడు ఆపినవంటే..." అన్నాడు నాయిన. బండి టైర్లు చూసొస్తానని లేచి గేటు దాకా పోయాడు, మా ఇద్దరి వైపూ వీపు పెట్టి చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.